దోమతెరల కంపెనీ మేనేజరు

ఖమ్మం,
12 జూన్ 1985

రూప్‌సింగ్ అన్నకు కమ్లి రామ్ రామ్.

నాకు ఉద్యోగం దొరికింది. నిలబడి చదువుతుంటే కూర్చో, మిగతాది కొంచెం పొడుగు.

ఇంటరు చదివి, టైపు పాసై, ఏడాదిగా తండాలో యాడి పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నానని నువ్వే కదా బాధపడ్డావు. మొన్న సోమవారం ఖమ్మం వచ్చినప్పుడు స్టేషన్ వెనక గల్లీలో ఒక బోర్డు చూశాను. 'మలికా దోమతెరల కంపెనీ' అని పెద్దక్షరాలు, దాని కింద సుద్దముక్కతో 'టైపు వచ్చినవాళ్ళు కావలెను' అని. లోపల ఒక పెద్ద గది, మూడు కుట్టు మిషన్లు, ఒక పాత టైపు మిషను. యజమాని మహబూబ్ అలీ గారు. మలికా ఆయన భార్య. బోర్డు మీద ఆమె పేరెందుకు ఉందో లోపల పావుగంట కూర్చుంటే తెలుస్తుంది. అందరూ ఆమెను ఆపా అంటారు, అంటే అక్క అని. గుడ్డ కత్తిరించేది గులాం రసూల్ చాచా. కుట్టేది జంపక్క. నాతో కలిపి అయిదుగురం.

"నీ నౌకరి కాయితం నువ్వే కొట్టుకో బేటీ, ఇక్కడ ఇంకెవరికి వస్తది" అన్నారు మహబూబ్ అలీ గారు. కొట్టుకుంటూ పోస్టు పేరు దగ్గర ఆగి, ఏం రాయాలని అడిగాను.

"నీకేం గావాలె?"

"క్లర్కు."

మలికా ఆపా మిషను ఆపకుండానే, "ఎట్లాగు కొడుతున్నవ్ గద, పెద్దదే కొట్టు. రిబ్బన్ ఎక్కువ అరుగుతదా?" అంది.

అందుకని మేనేజరు అని కొట్టాను. ఆయన చదివి, బాగుందని సంతకం పెట్టారు. జంపక్క వాళ్ళింట్లోనే ఒక గది కిరాయికి తీసుకున్నాను. కన్నతల్లే అయినా యాడికి నేను వేరే రాయడం లేదు, ఆమెకు ఉత్తరం చదివేది దేవ్లా మామే కాబట్టి నువ్వే ఆయనకు ఒక ముక్క రాయి.

నీ చెల్లెలు,
కమ్లి, మేనేజరు


హైదరాబాదు,
24 జూన్ 1985

చిరంజీవి కమ్లికి అన్న రూప్‌సింగ్ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం సెక్షన్‌లో అందరికీ చూపించాను. నమ్మలేదు. మా కార్పొరేషన్‌లో పదకొండు వందల మందిమి ఉంటే మేనేజర్లు తొమ్మిది మందే. వాళ్ళలో చిన్నవాడికి యాభై ఒకటి. నీకు ఇరవై రెండు. మన తండా పేరు నిలబెట్టావు. దేవ్లా మామకు అదే రోజు రాశాను. యాడి ఇంటింటికీ బెల్లం పంచిందట.

ఆరేళ్ళుగా ఆఫీసు చూస్తున్నవాణ్ణి కాబట్టి కొన్ని చెబుతాను. మేనేజరు తన నీళ్ళు తను ముంచుకోకూడదు. కింద పనిచేసేవాళ్ళతో కలిసి తింటే రేపు మాట వినరు. ఎవరినైనా పిలవాలంటే నోటితో పిలవకు, గంట కొట్టు. ఫైలు నీ దగ్గరికి రాగానే చదవకు, రెండు రోజులు బల్ల మీద ఉంచు, అప్పుడే దానికి విలువ.

నీ గదిలో అయిదుగురని రాశావు. మిగతా అంతస్తుల్లో ఎంతమంది? హెడ్డాఫీసు ఎక్కడ? అవి రాయడం మరిచిపోయావు.

నీ మేలు కోరే అన్న,
రూప్‌సింగ్


ఖమ్మం,
21 జూలై 1985

అన్నా, రామ్ రామ్.

మిగతా అంతస్తులు లేవు. పైన రేకులున్నాయి, రేకుల మీద ఒక పిల్లి ఉంటుంది. హెడ్డాఫీసు కూడా ఇదే గది. గంట లేదు, పిలవాల్సిన వాళ్ళంతా చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉన్నారు. నీళ్ళు నేనే ముంచుకుంటున్నాను, ఒక్కోసారి అందరికీ నేనే ముంచుతున్నాను. ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళదే వంతు. మధ్యాహ్నం మలికా ఆపా తన టిఫిను మూత తీసి నా ముందుకు తోస్తుంది, నేను నా రొట్టెలు అటు తోస్తాను. మాట వినకపోవడం అంటావా, ఇక్కడ ఎవరూ ఎవరి మాటా వినరు, అయినా పని అవుతుంది.

ఈ నెలలో వారం రోజులు టైపు కొట్టాను. తరవాత జంపక్క కూతురు పురిటికి వస్తే జంపక్క మిషను మీద నేను కూర్చున్నాను, నాడాలు కుట్టడం వచ్చేసింది. మధ్యలో ఒకరోజు బస్టాండుకు మూటలు మోశాను. బుధవారాలు చాచాతో కలిసి టేకులపల్లి సంతకు వెళ్తున్నాను.

మొదటి సంతలో ఒక పెద్దాయన గుడ్డను వెలుగుకు పట్టి, కన్నాలు చూసి, ఏమీ అడగకుండా రెండు తెరలు కొన్నాడు. మళ్ళీ బుధవారం వచ్చి, "మంచిగ పడుతున్నయి" అన్నాడు. ఏవి అంటే చేపలు అన్నాడు. చాచా ముఖం చూడాలి నువ్వు. వద్దని ఎంత చెప్పినా ఆయన ఇంకొకటి కొన్నాడు.

కాని ఒక మాట గమనించాను. తెర బాగుందని పట్టుకుని చూసేవాళ్ళు కూడా తిరిగి పెట్టేస్తున్నారు. ఎందుకని అడిగితే ఒకామె, "ఎండకాలం మేము వాకిట్ల పండుకుంటం. నీ నాడాలు దేనికి కట్టాలె, చుక్కలకా?" అంది. నిజమే కదా. మన యాడి కూడా వాకిట్లోనే పడుకుంటుంది, నాకే తట్టలేదు. తిరిగొచ్చి మధ్యాహ్నం ఆ మాట చెప్పాను. నాలుగు మూలలా గొట్టంలా కుట్టి, అందులో వెదురు కర్రలు దూర్చి, మంచం కోళ్ళకు కట్టేస్తే గోడే అక్కర్లేదు కదా అన్నాను. మలికా ఆపా చేతిలో ఉన్న పని పక్కన పడేసింది. సాయంత్రానికి ఒకటి తయారైంది. నా నోట్లోంచి వచ్చిన మాట చీకటి పడకముందే మంచం మీద నిలబడి ఉంటే ఎట్లా ఉంటుందో నీకెలా చెప్పను.

కమ్లి


హైదరాబాదు,
12 ఆగస్టు 1985

చిరంజీవి కమ్లికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. ఒక్క నెలలో టైపు నుంచి కుట్టుకు, కుట్టు నుంచి మూటలకు, మూటల నుంచి సంతకు. ఇన్నిసార్లు మార్చారంటే పైవాళ్ళకు నీ మీద కోపం వచ్చిందన్న మాట. నువ్వు పిచ్చిదానివి, నవ్వుతూ రాస్తున్నావు. మా దగ్గర ఒకాయనకు ఇట్లాగే జరిగింది. ఆయన ఇప్పుడు కోర్టులో ఉన్నాడు.

అది చాలదన్నట్టు దేవ్లా మామ మొన్న శుక్రవారం మా ఆఫీసుకు వచ్చాడు. పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు: "అల్లుడా, నేను కండ్లార జూసిన. నడి సంతల, పట్టపగలు, మన పోరి మంచమేస్కోని పండుకున్నది. సుట్టూత జనం." దగ్గరికి పోయి అడగలేకపోయావా అంటే సిగ్గేసిందన్నాడు. మేనేజరు సంతలో పడుకోవలసిన అవసరమేమిటి? ఒంట్లో బాగాలేదా? ఉండే గది కూడా పోయిందా? యాడికి ఇంకా చెప్పలేదు.

నీ వెదురు కర్రల సంగతి. చెప్పిన రోజే చేశారంటే ఆలోచించలేదని అర్థం. మా సెక్షన్ కిటికీకి గడియ ఊడిపోయి వాన రిజిస్టర్ల మీద పడుతోందని 1982లో నేను నోట్ పెట్టాను. అది మూడు సెక్షన్లు తిరిగి, రెండు ప్రశ్నలతో వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళింది. పద్ధతి అంటే అది.

ఇక అసలు సంగతి. మా కార్పొరేషన్‌లో టైపిస్టు పోస్టులు పడ్డాయి. ఒకటి మనవాళ్ళకు రిజర్వు చేసింది. పరీక్ష సెప్టెంబరు ఒకటిన, ఆదివారం. అర్జీ నేనే పెట్టేశాను. నాకోసం వచ్చి రాయి.

అన్న


ఖమ్మం,
22 ఆగస్టు 1985

అన్నా,

నాకు ఒంట్లో బాగుంది, గది ఉంది, ఎవరికీ నా మీద కోపం లేదు. సంతలో నేను పడుకున్నది ఉద్యోగంలో భాగంగానే.

కర్రల తెరను నోటితో ఎంత చెప్పినా జనానికి ఎక్కలేదు. ఒక నులక మంచం అడిగి తెచ్చి, తెర నిలబెట్టి, ఎవరైనా లోపల పడుకుని చూపించండి అన్నాడు చాచా. ఆయన పడుకుంటే కాళ్ళు బయటికి వస్తాయి, అంత పొడుగు. అందుకని నేను దూరాను. అయిదు నిమిషాలు పడుకుని లేద్దామనుకున్నాను. ఈగ లేదు, దోమ లేదు, పైన చింతచెట్టు గాలి, పొద్దున నాలుగింటికి లేచిన ఒళ్ళు. నిద్రపట్టేసింది. గురక కూడా వచ్చిందని చాచా అంటున్నాడు, నేను నమ్మను. లేచేసరికి తెచ్చిన తెరలన్నీ అయిపోయాయి. "మాటలు చెప్పేటోళ్ళను మస్తుమందిని జూసినం. నిద్రపొయ్యి చూపెట్టినోళ్ళను చూడలే" అన్నదట ఒక ముసలమ్మ. దేవ్లా మామ దగ్గరికి వచ్చి ఉంటే ఆయనకూ ఒకటి అమ్మేవాళ్ళం.

పరీక్షకు వస్తాను. సెలవు అర్జీ నేనే కొట్టి, మేనేజరుగా నేనే సిఫారసు రాసి, మహబూబ్ అలీ గారి ముందు పెట్టాను. ఆపా చదివించుకుని, "రాసి రా. రాయకుంటే జిందగీ అంత అదే యాదికొస్తది" అంది.

యాడితో మంచం మాట నేనే చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వింది.

కమ్లి


హైదరాబాదు,
15 అక్టోబరు 1985

చెల్లీ,

ఆర్డరు వచ్చింది. నువ్వు పాసయ్యావు. నవంబరు పదకొండున చేరాలి. నా బిల్డింగే, ఒక అంతస్తు పైన. మన తండా నుంచి ఈ కార్పొరేషన్‌లోకి నువ్వు రెండో మనిషివి. మొదటివాణ్ణి నేనని నాకు ఇప్పటిదాకా గర్వం ఉండేది. ఇప్పుడు అది రెట్టింపయింది. ఇంకేమీ రాయలేకపోతున్నాను, చెయ్యి వణుకుతోంది.

రూప్‌సింగ్


ఖమ్మం,
28 అక్టోబరు 1985

అన్నా,

నీ ఉత్తరం దవాఖానాలో అందింది. కంగారుపడకు, ఇప్పుడు బాగానే ఉన్నాను. నీకు చేతులు వణికితే నాకు ఒళ్ళంతా వణికింది. మలేరియా.

నవ్వు, పరవాలేదు, ఇక్కడ అందరూ నవ్వారు. రక్తం తీసిన కాంపౌండరు ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. చెప్పాను. ఆయన బయటికి వెళ్ళి నవ్వి, ముఖం సర్దుకుని వచ్చాడు. మహబూబ్ అలీ గారు తల పైకెత్తలేదు. "మా కంపెనీ ఇజ్జత్ బోయింది" అని రోజంతా అదే మాట. ఎట్లా వచ్చిందంటే ఏం చెప్పను. పొద్దంతా దోమతెరల మధ్య ఉంటానా, ఇంటికి వెళ్ళాక ఇంకో తెర ముఖం చూడబుద్ధి కాదు. నా తెర మడతపెట్టి తలకింద పెట్టుకుని పడుకునేదాన్ని.

మూడు రోజులు కంపెనీ మూసేశారు. నేను వద్దన్నాను. "అయిదుగుర్ల ఒకరు పడిపోతే నడిచేదేంది?" అని ఆపా నా మంచం పక్కనే కూర్చుంది. జంపక్క జావ తెచ్చేది. చాచా కర్రలు తెచ్చి నా మంచానికి తెర కట్టాడు. పక్క మంచాల వాళ్ళు వచ్చి చూసి, మాకూ కావాలన్నారు. ఆపా అక్కడే ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టింది. ఆమెకు రాయడం రాదు కదా, నన్నే లేపి, "పేర్లు రాయి బేటీ, మల్ల పండుకుందువు" అంది. నూటమూడు జ్వరంలో పదిహేను పేర్లు రాశాను. చూస్తే ఒక్కటీ చదవరావడం లేదు.

నీ ఆర్డరు మాట నిన్న చెప్పాను. అందరూ చేతిలో పని ఆపారు. మహబూబ్ అలీ గారే ముందు మాట్లాడారు. "వానలు పొయినంక మనది అమ్ముడువోదు బేటీ. మార్చిల నీకు సగం జీతమే ఇయ్యగల్గుత. అది పింఛన్ ఉన్న నౌకరి. జల్దీ పో."  ఆపా నిన్న కుట్టిన తెరలన్నీ జానెడు పొట్టివయ్యాయి.

పదో తారీకు బండికి వస్తున్నాను. నువ్వు స్టేషనుకు రా.

కమ్లి


ఖమ్మం,
3 డిసెంబరు 1985

అన్నా,

నీ తలకింద చీటీ పెట్టి వచ్చేయడం తప్పే. ఎదురుగా చెబితే నువ్వు ఏడుస్తావు, నేను ఉండిపోతాను. అందుకే రాజీనామా కాగితం ఆఫీసులో ఇచ్చి, చీటీ నీకు పెట్టి వచ్చాను.

నేను ఆ మెమో వల్లే వచ్చేశానని నువ్వు అనుకుంటూ ఉంటావు. కాదు. నిజమే, టిఫిను తినడానికి మీ సెక్షన్‌కు దిగి వచ్చిన రెండోరోజే ఆ కిటికీ గడియ చూశాను. క్యాంటీన్ నుంచి రాయి తెచ్చి, రెండు మేకులు కొట్టాను. నాలుగు నిమిషాల పని. నువ్వు సంతోషిస్తావనుకున్నాను. 'అనుమతి లేకుండా కార్పొరేషన్ ఆస్తిని బాగుచేసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను' అని కాగితం వస్తే నాకు నవ్వొచ్చింది, నీకు చెమట పట్టింది. ఆ రాత్రి నువ్వు నాతో మాట్లాడలేదు. అది మాత్రం బాధ కలిగించింది.

అసలు సంగతి ఇది. అక్కడ పనిచేసిన పన్నెండు రోజుల్లో నూటయాభై ఉత్తరాలు కొట్టాను. ఒక్కటి కూడా ఎవరి చేతికి పోయిందో, చదివి వాళ్ళు ఏమన్నారో తెలియదు. తప్పు కొట్టినా ఎవరూ తిట్టలేదు. ఇక్కడికి తిరిగొచ్చిన బుధవారం సంతలో ఒకామె చిరిగిన తెర నా ముఖాన కొట్టి, "గిట్లనేనా కుట్టేది, నీ చేతులు పడిపోను, నా బిడ్డను రాత్రంతా కుట్టినయ్" అని అరిచింది. చూస్తే ఆ కుట్టు నాదే. అక్కడే కూర్చుని కుట్టి ఇచ్చాను. ఆమె బిడ్డను నా ఒళ్ళో పెట్టి, నేను కుడుతున్నంతసేపూ తిట్టింది. అన్నా, ఎంత హాయిగా ఉందో. తిట్టడానికైనా ఎదురుగా ఒక మనిషి ఉన్నది.

నేను తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడితే ఎవరూ ఎందుకొచ్చావని అడగలేదు. వెళ్ళేముందు నన్ను పంపిస్తున్నట్టు కాగితం నేనే కొట్టి పెట్టాను. మహబూబ్ అలీ గారు సంతకం పెట్టబోతే ఆపా, "అండ్ల తప్పులున్నయ్, పెట్టకు" అన్నదట. అక్షరం రాని మనిషికి తప్పులెట్లా కనబడ్డాయో దేవుడికి తెలియాలి. సంతకం లేదు కాబట్టి నేను వెళ్ళనేలేదని ఇక్కడి లెక్క. పన్నెండు రోజుల పని మాత్రం పేరుకుపోయి ఉంది.

మనవాళ్ళకు రిజర్వు చేసిన పోస్టు వదిలేశానని నీకు కోపంగా ఉంటుంది. అది నాకూ గుచ్చుతోంది. పరీక్షలో నా తరవాత వచ్చిన అమ్మాయి బాలి, ఇల్లెందు వైపు తండాదే. ఆమెకు నేనే ఉత్తరం రాశాను, ఆఫీసుకు వెళ్ళి అడగమని.

మార్చి ఎట్లా గడుస్తుందో నాకూ భయంగానే ఉంది. అయినా జవాబు రాయి. తిట్టయినా సరే.

కమ్లి


హైదరాబాదు,
23 డిసెంబరు 1985

కమ్లీ,

మూడు వారాలు జవాబు రాయలేదు. రాసినవి రెండు చించేశాను.

బాలి మొన్న గురువారం చేరింది. నెమ్మదస్తురాలు, ఈ ఆఫీసు ఆమెకు సరిపోతుంది. చేరిన రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళింట్లో అయిదుగురు ఆమె మీద ఆధారపడి ఉన్నారట. అది విన్నాక నా కోపం సగం పోయింది.

మిగతా సగం ఎట్లా పోయిందో చెబుతాను. నువ్వున్న పన్నెండు రోజులూ మధ్యాహ్నం మా సెక్షన్‌లో మూడు బల్లలు దగ్గరికి లాగి, అందరి టిఫిన్లూ మధ్యలో పెట్టించావు కదా. అప్పుడు నాకు తల కొట్టేసినట్టుండేది. నువ్వు పోయాక బల్లలు మళ్ళీ ఎవరివి వాళ్ళం జరుపుకుంటామనుకున్నాను. ఎవరూ జరపలేదు. మొన్న మా సూపరింటెండెంటు వెంకటరామారావు గారు తన పులిహోర నా వైపు తోసి, "రూప్‌సింగ్, మీ చెల్లెలు మళ్ళీ రాదా?" అన్నాడు. ఆరేళ్ళుగా ఆయన నన్ను రామ్‌సింగ్ అనే పిలుస్తున్నాడు. నేను ఎన్నడూ దిద్దలేదు, పెద్దవాళ్ళను దిద్దకూడదని. సరైన పేరు నువ్వు చెప్పి ఉంటావు. రాదండీ, దోమతెరల కంపెనీలో ఉంది అన్నాను. ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. ఒకాయన మాత్రం, "అదృష్టవంతురాలు" అని తలవంచుకుని తినసాగాడు.

పోయిన ఆదివారం తండాకు వెళ్ళాను, నీ మీద యాడికి ఫిర్యాదు చేద్దామని. పింఛను, క్వార్టర్సు, ప్రమోషను, నువ్వు పోగొట్టుకున్నవన్నీ వరసగా చెప్పాను. మన మాటలో ఆమె అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను, మన మాటకు అక్షరాలు లేవు కదా. అంతా విని, చేటలోని బియ్యం చెరగడం ఆపి, "దాని సంగతి వదిలెయ్. అది ఇంటికొచ్చి ఆఫీసు ముచ్చట్లు చెప్తుంటే నవ్వులకు నాకు నిద్ర కూడ రాదు. నువ్వు ఆరేండ్ల సంది వస్తున్నవ్. ఒక్క ముచ్చట చెప్పినవా బిడ్డా?" అంది.

బస్సులో హైదరాబాదు దాకా వెతుక్కున్నాను. చెప్పడానికి ఒక్కటి దొరకలేదు. ఈ ఉద్యోగం నేను వదలను, వదలలేను. ఆ నెల జీతం మీద ఎవరెవరు బతుకుతున్నారో నీకు తెలుసు. నీకు మార్చిలో తక్కువైతే అందులోంచే పంపుతాను, అడగడానికి సిగ్గుపడకు.

వచ్చే ఆదివారం పొద్దుటి బండికి ఖమ్మం వస్తున్నాను. మీకు శుక్రవారం సెలవు కాబట్టి ఆదివారం పని ఉంటుందిగా. చేతనైన పని ఏదైనా చెబితే చేస్తాను. లేకపోతే ఒక మూల ఊరికే కూర్చుంటాను. అక్కడైతే ఊరికే కూర్చున్నా, ఎందుకు కూర్చున్నావని ఎవరో ఒకరు అడుగుతారు కదా.

మీ అన్న,
రూప్‌సింగ్